మరమల్లుల ఆయుధములు

1995వ సంవత్సరమున అమెరికా దేశమందలి శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఒక పోటీ జరిగెను. బరిలో దిగినవారు మనుష్యులు కారు, జంతువులును కావు. ఇంటి వెనుక కొట్టములలో చేతితో చేసికొని తెచ్చిన యంత్రములు. వానిలో ఒకటి చూచుటకు బోర్లించిన పెద్ద మూకుడువలె నుండెను. నిజమునకు అది మూకుడే. దాని లోపల గడ్డి కోయు మరకు వాడెడి ఇంజనును బిగించి, మూకుడు మొత్తమును బొంగరమువలె తిరుగునట్లు చేసి, అంచునకు ఉక్కు పళ్ళు తగిలించిరి. దాని పేరు బ్లెండో. దానిని నిర్మించినవాడు జేమీ హైనెమన్. ఎదుటి యంత్రము దానిని తాకిన మాత్రమున ముక్కలగుటయు, ఆ ముక్కలు అడ్డుగోడను దాటి బయటికి ఎగురుటయు జరిగెను. రెండు పోట్లు ముగియగనే నిర్వాహకులు దానిని బరినుండి తప్పించి, సహవిజేతగా ప్రకటించి, మర్యాదగా ప్రక్కకు పెట్టిరి. ఓడినందుకు గాక, అపాయకరముగ గెలుచుచున్నందుకు తొలగింపబడిన ఆయుధ మది.

నేను చిరకాలము పనిముట్ల నడుమ బ్రతికినవాడను. ఒక సాంకేతిక పాఠశాలలో లేతు పనియు, ఆకురాయి పనియు నేర్పుచు వచ్చితిని. ఈ మధ్య బాలబాలికలు నా యొద్దకు వచ్చి, ‘‘అయ్యా, మేము పోరు రోబో నొకదానిని చేయదలచితిమి, దాని కెట్టి ఆయుధము పెట్టవలెను?’’ అని అడుగుచుందురు. వారి వెనుకనే వారి తల్లిదండ్రులును వచ్చి, ‘‘మాస్టరుగారూ, ఇది విద్యయా, వినాశమా?’’ అని అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలకును ఒకే చోట సమాధానము దొరకునని నా తలంపు. ఆ చోటు ఈ ఆయుధముల చరిత్ర. దానినే నేడు మీకు మనవి చేసెదను.

మొదట పేరు సంగతి. ‘రోబో’ యను మాటకు మూలమైన ‘రోబాట్’ను లోకమునకు తెచ్చినది చెక్ రచయిత కారెల్ చాపెక్ రచించిన ‘ఆర్.యు.ఆర్.’ అను నాటకము. అది 1920లో వెలువడి 1921లో ప్రేగు నగరమున ప్రదర్శింపబడెను. ఆ మాటను సూచించినవాడు ఆయన సోదరుడు జోసెఫ్. చెక్ భాషలో వెట్టిచాకిరికి ‘రోబొట’ యని పేరు. దానినుండి పుట్టిన దీ మాట. కాని మనము చెప్పుకొను పోరు యంత్రములు తమంతట తాము ఆలోచించునవి కావు. బరి వెలుపల నిలిచిన మనుష్యుడు రేడియో తరంగములతో వానిని నడుపును. ఆ విద్యకు ఆద్యుడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఆయన ఒక చిన్న పడవను తీగ లేకయే నడిపి చూపెను. కనుక ఈ యంత్రములను రోబోలనుట కొంత గౌరవవాచకమే. నేను వీనిని మరమల్లులని పిలిచెదను.

మరమల్లుల పోటీలు అమెరికాలో ఎనుబదవ పడిలో పుట్టినవి. డెన్వరు నగరమున కల్పనాకథాప్రియులు కూడెడి ఒక సభలో 1987 ప్రాంతమున ‘క్రిటర్ క్రంచ్’ అను పోటీని కొందఱు ఉత్సాహవంతులు ఏర్పఱచిరి. అందు పాల్గొనిన యంత్రములు చిన్నవి. 20 పౌనులకు మించరాదు. 1991లో అట్లాంటా నగరమున ‘రోబాట్ బ్యాటిల్స్’ మొదలయ్యెను. కాని దేశమంతయు తిరిగి చూచునట్లు చేసినవాడు మార్క్ థోర్ప్. ఆయన ఆటబొమ్మల రూపశిల్పి. 1992లో ఇల్లూడ్చు వాక్యూమ్ యంత్రమును దూరమునుండి నడుపు బండికి తగిలించి చూచుచుండగా ఆయనకు ఈ పోటీ ఊహ తట్టెను. ఊడ్చు పని సాగలేదు. పోరు ఊహ నిలిచెను. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫోర్ట్ మేసన్ భవనములలో ‘రోబాట్ వార్స్’ తొలి పోటీ జరిగెను. 1997 వఱకు అది అచ్చట సాగెను. తరువాత భాగస్వాముల నడుమ పుట్టిన వ్యాజ్యమువలన అది ఆగిపోయెను.

ఇక ఆయుధముల సంగతి. తొలినాటి నిర్మాతలు ఆయుధమనగా చూపఱకు భయము పుట్టించునది యని తలచిరి. కావున గుండ్రని ఱంపములు, గొలుసు ఱంపములు, ఈటెలు, శూలములు తగిలించిరి. ఇవి చప్పుడు చేసినవి, నిప్పురవ్వలు చిమ్మినవి. కాని గెలిపించుట అరుదు. కారణము సులభము. వడ్రంగి ఱంపమునకు కొయ్యను బల్లకు బిగించి ఇచ్చును. శత్రువు అట్లు బిగింపబడి కూర్చుండడు గదా! అతడు కదలుచుండును, జారుచుండును. ఱంపపు సన్నని పన్ను ఒకచోట నిలకడగ నిలిచినప్పుడే కోయును. కదలు రేకుపై అది గీతలు మాత్రము గీయును. ఇక ఈటె సంగతి. యంత్రమంతయు వెనుకనుండి త్రోసినను ఆ త్రోపుడు నెమ్మదియైనది. పలుచని కవచమును సైతము చీల్చుటకు అది చాలదు.

ఆ దినములలో గెలిచినవి ఆయుధమని పిలుచుటకే సందేహింపదగినవి. ‘లా మషీన్’ అను యంత్రము 1995లో పేరుపొందెను. దాని ఆయుధ మేమి? ముందుభాగమున వాలుగా అమర్చిన ఒక రేకు. మన ఇంటి చేట నేలకు ఆనించి ముందుకు త్రోసినచో గింజలు తమంతట దానిపైకి ఎక్కునట్లు, ఎదుటి యంత్రము ఆ వాలుపైకి ఎక్కి, చక్రములు నేలను విడిచి, నిస్సహాయమై పోవుచుండెను. దీనిని చేసిన ట్రే రోస్కీ, గ్రెగ్ మన్సన్ అనువారే తరువాత ‘బ్యాటిల్‌బాట్స్’ అను పోటీని స్థాపించిరి. దాని మొదటి పోటీ 1999లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగెను. 2000లో అది టెలివిజనున ప్రవేశించెను.

చేటకు తరువాతి మెట్టు ఏతము. కార్లో బెర్టోకీనీ నిర్మించిన ‘బయోహజార్డ్’ అను యంత్రము నేలకు అంటుకొని పోవు పలక. దాని నడుమ ఒక చేయి ముడుచుకొని యుండును. ఎదుటి దాని క్రిందికి దూరి, విద్యుచ్ఛక్తితో ఆ చేతిని నెమ్మదిగా పైకెత్తి, శత్రువును ఎత్తి పట్టుకొని గోడవఱకు మోసికొని పోవును. ఆ చేయి ఒక్క కడ్డీ కాదు. నాలుగు కీళ్ళు గల చట్రము. నాలుగు కీళ్ళుండుటచేత అది పైకి లేచుచునే ముందుకును సాగును; ముడుచుకొన్నప్పుడు పలకలో ఇమిడిపోవును. ఏతమెక్కి నీరు తోడినవానికి ఇందలి మీటసూత్రము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ యంత్రము అనేక పర్యాయములు విజేతయయ్యెను.

1998 ఫిబ్రవరిలో ఇంగ్లాండు దేశపు బి.బి.సి. సంస్థ ఈ పోటీలను టెలివిజనున చూపనారంభించెను. అచ్చటి పనివారు ఆయుధశాలను విస్తరింపజేసిరి. జార్జి ఫ్రాన్సిస్ నిర్మించిన ‘కేయాస్ 2’ అను యంత్రము ఏతమును నెమ్మదిగా ఎత్తుట మాని, సీసాలో బంధించిన బొగ్గుపులుసు వాయువును ఒక్కసారిగ విడిచి, శత్రువును గాలిలోనికి చిమ్మెను. ఆ పోటీలలో ఎదుటి యంత్రమును బరి గోడ దాటించి బయట పడవేసిన మొదటి యంత్ర మిదియే. మూడవ, నాలుగవ పరంపరలలో వరుసగా విజేత యయ్యెను. ‘రేజర్’ అను మఱియొక యంత్రము చమురు పీడనముతో పని చేయు ఉక్కు ముక్కును ధరించెను. అది అడకత్తెర వంటిది. పోకచెక్కను పట్టినట్లు శత్రువును పట్టి, తొందరలేక లోనికి దిగును. అది ఐదవ పరంపరలో విజేత. అమెరికాలో గ్రాంట్ ఇమహారా ‘డెడ్‌బ్లో’ అను సుత్తి యంత్రమును నిర్మించెను. మన భారతకథలోని పరిభాషలో చెప్పినచో అది భీముని గద.

గద ఉండగా చక్రము రాకుండునా? పైని చెప్పిన మూకుడు చక్రమునకు తొలిరూపము. బ్రిటనులో ‘హిప్నో డిస్క్’ అను యంత్రము అడ్డముగ తిరుగు బరువైన పళ్ళెమును ధరించి, ప్రత్యర్థులను పొరలు పొరలుగ విప్పివేసెను. అప్పటినుండి ఆయుధ చరిత్ర మలుపు తిరిగెను. ఈ మలుపునకు కారణమేమో వినుడు. మోటారు ఒక క్షణమున ఇయ్యగల శక్తి స్వల్పము. సుత్తియైనను, ఈటెయైనను ఆ క్షణికశక్తితోనే కొట్టవలెను. చక్రము అట్లు కాదు. కుమ్మరివాడు సారెను పలుమార్లు త్రిప్పి వదలును; ఆ త్రిప్పిన శ్రమయంతయు సారెలో నిలువయుండి, కుండ తయారగు వఱకు వెచ్చమగుచుండును. అట్లే చిన్న మోటారు రెండు మూడు క్షణములు కూడబెట్టిన శక్తిని చక్రము కంటిరెప్పపాటులో వెయ్యవ వంతున ఖర్చు చేయును. కూలివాడు నెలంతయు కూడబెట్టి ఒక్కనాడు పండుగ చేసినట్లు.

లెక్క వేసి చూపెదను. మూడు పౌనుల, అనగా సుమారు 1,360 గ్రాముల, తరగతికి చెందిన ఒక చిన్న యంత్రము నెన్నుకొందము. దానికి 300 గ్రాముల బరువు, 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల ఉక్కు పళ్ళె మొకటి. అది నిమిషమునకు 10,000 చుట్లు తిరుగుచున్నది. దాని అంచు వేగము క్షణమునకు 52 మీటర్లు. గంటకు 188 కిలోమీటర్లు. దానిలో నిలువయున్న శక్తి సుమారు 205 జౌళ్ళు. జౌలు అనిన తెలియనివారికి ఇట్లు చెప్పెదను: ఒక కిలోగ్రాము రాతిని 21 మీటర్ల ఎత్తునుండి, అనగా బాగుగ ఎదిగిన తాడిచెట్టు కొననుండి విడిచినచో నేలను తాకునప్పుడు ఎంత దెబ్బయో అంత. అరచేతిలో పట్టు పళ్ళెములో తాటిచెట్టెత్తు దాగియున్న దన్నమాట. దీనిని నింపుటకు 100 వాట్ల మోటారునకు రెండు క్షణములు చాలును.

ఇక ఆ శక్తిని పెంచుట ఎట్లు? వేగమును రెండింతలు చేసిన శక్తి నాలుగింతలగును. బరువును రెండింతలు చేసిన రెండింతలే యగును. మఱియు ఆ బరువును ఎచ్చట పెట్టితిమను దానిని బట్టియు మారును. అదే 300 గ్రాములు, అదే వ్యాసార్ధము, అదే వేగము: నిండు పళ్ళెమైన 205 జౌళ్ళు, బరువంతయు అంచుననే యున్న కడియమైన 410 జౌళ్ళు, నడుమ రంధ్రము గల తిన్నని బద్దయైన 137 జౌళ్ళు. కనుకనే నేర్పరులు పళ్ళెమునకు నడుమ కిటికీలు కోసి, మిగిలిన లోహమును అంచునకు చేర్తురు. అయినను బద్ద తక్కువదని తలపరాదు. అదే బరువుతో బద్దను పొడవుగ సాగదీయవచ్చును, దూరమునుండి అందుకొనవచ్చును. రే బిల్లింగ్స్ నిర్మించిన ‘టూంబ్‌స్టోన్’ అట్టి ఉక్కు బద్దతోనే 2016లో బ్యాటిల్‌బాట్స్ విజేత యయ్యెను.

అయితే శక్తి యున్నంత మాత్రమున దెబ్బ తగులునా? తగులదు. ఇచ్చట నా శిష్యు లందఱును తడబడు ఒక సూక్ష్మము కలదు. చక్రము మిక్కిలి వేగముగ తిరిగినచో పళ్ళు ఒకదాని వెంట నొకటి త్వరగా వచ్చును. రెండు పళ్ళ నడుమ వ్యవధిలో శత్రువు ఎంత ముందుకు వచ్చునో అంతయే పన్ను లోనికి దిగును. రెండు యంత్రములు క్షణమునకు 3 మీటర్ల వేగమున దగ్గఱగుచున్న వనుకొనుడు. చక్రము నిమిషమునకు 10,000 చుట్లు తిరుగుచు రెండు పళ్ళు కలిగియున్నచో ఒక్కొక్క పన్ను 9 మిల్లీమీటర్లు దిగును. ఒకే పన్ను ఉన్నచో 18 మిల్లీమీటర్లు. నాలుగు పళ్ళు పెట్టినచో 4½ మిల్లీమీటర్లు మాత్రమే. ఇరువది పళ్ళు గల ఱంపము గీతలు మాత్రము గీచుటకు కారణ మిదియే. కావున నేటి నిర్మాతలు ఒకే పన్ను పెట్టి, దాని బరువునకు సరితూగునట్లు ఎదుటి వైపున మొద్దుభాగము నుంచుదురు. పళ్ళు తగ్గినకొలది కాటు పెరుగుట వింతగ తోచును; కాని లెక్క అట్లే చెప్పుచున్నది.

ఇక దెబ్బకు ఎదురుదెబ్బ కలదని న్యూటన్ మహాశయుడు చెప్పియే యున్నాడు. అడ్డముగ తిరుగు చక్రము శత్రువును కొట్టినప్పుడు తానును ప్రక్కకు గిరగిర తిరిగి గోడకు తగులును. నిలువుగ తిరుగు చక్రము, ముందు అంచు పైకి పోవునట్లు తిరిగినచో, శత్రువు గాలిలోనికి ఎగురును; ఎదురుదెబ్బ నేలకు పోవును. నేల ఓర్చుకొనును. ఇది నిలువు చక్రమునకు గొప్ప లాభము. కాని దానికి ఒక జబ్బు కలదు. తిరుగు బొంగరమును వంచబోయిన అది మఱియొక వైపునకు మొగ్గును గదా; అట్లే నిలువు చక్రము గల యంత్రము త్వరగా మలుపు తిరిగినచో ఒక ప్రక్క చక్రము నేలను విడిచి లేచును. కావున అట్టి యంత్రమును వెడల్పుగ, నేలకు తగ్గుగ కట్టవలయును. పాల్ వెంటిమిలియా నిర్మించిన ‘బైట్ ఫోర్స్’ చరిత్ర ఈ మార్పునకు సాక్ష్యము. 2015లో అది శత్రువును పట్టి ఎత్తు చేతితో గెలిచెను. 2018, 2019 సంవత్సరములలో నిలువుగ తిరుగు ఆయుధముతో గెలిచెను. ఒకే శిల్పి, ఒకే పేరు. ఏతమునుండి చక్రమునకు మాఱెను.

నేను ఇంతవఱకు చెప్పిన ఘనయంత్రములలో పలువుటి బరువు నూరు కిలోగ్రాముల ప్రాంతము. వాని ఖర్చు సామాన్యునకు అందదు. కాని 2000వ సంవత్సరపు ప్రాంతమున బ్రిటనులో చీమతరగతి యని ఒకటి వర్ధిల్లెను. దాని నియమము విన ముచ్చటయగును: యంత్రము 150 గ్రాములకు మించరాదు, 4 అంగుళముల ఘనపు పెట్టెలో ఇమడవలెను. మూడు నిమ్మకాయల బరువులో చక్రములు, బ్యాటరీ, రేడియో, ఆయుధము అన్నియు ఉండవలె నన్నమాట. అమెరికాలో చీమతరగతికి ఒక పౌను, పేడపురుగు తరగతికి మూడు పౌనులు. నార్వాక్ పట్టణమున 2018లో మొదలైన పోటీలలో 3, 12, 30 పౌనుల తరగతులు నడచుచున్నవి. భోజనపు బల్లపై, చిన్న ఆకురాయితో, మరబిగింపులతో చేయదగిన పనిగా ఈ విద్య దిగివచ్చెను.

ఇట్లు దిగివచ్చుటకు రెండు వస్తువులు కారణము. ఒకటి బొగ్గుముక్కలు లేని మోటారు. రెండవది లిథియమ్ పాలిమర్ బ్యాటరీ. తొలినాటివారు సీసపు బ్యాటరీలు, నికెలు బ్యాటరీలు మోయుచు బరువులో సగము పోగొట్టుకొనిరి. నేడు బొమ్మ విమానములకని చేసిన మోటారు గోలికాయంత యుండియు గుఱ్ఱమువలె లాగును. దానిపై వోల్టునకు ఇన్ని చుట్లని గుర్తు వేసియుందురు. వోల్టునకు 1,000 చుట్ల మోటారును, నాలుగు గదులు గల 14.8 వోల్టుల బ్యాటరీకి తగిలించినచో ఏ భారమును లేనప్పుడు 14,800 చుట్లు తిరుగును. కప్పీలను 2:3 నిష్పత్తిలో పెట్టినచో ఆయుధము సుమారు 10,000 చుట్లు తిరుగును. నేను పైని వేసిన లెక్క ఊరక వేసినది కాదు.

కప్పీ, బెల్టు అంటిని. మోటారునకే ఆయుధమును నేరుగ బిగింపరాదా యని కొందఱడుగుదురు. బిగింపవచ్చును, మిక్కిలి చిన్న యంత్రములలో బిగింతురు కూడ. కాని దెబ్బ తగిలినప్పుడు ఆ అదురంతయు మోటారు కడ్డీకి పోయి, దానిని వంచును. నడుమ రబ్బరు బెల్టున్నచో దెబ్బ సమయమున అది క్షణమాత్రము జారును, మోటారు బ్రతుకును. జారుట తెలిసిన భాగము ఒకటి ఉండుట యంత్రమునకే గాక సంసారమునకును మంచిదని మా గురువుగారు హాస్యముగ ననెడివారు. ఇరుసును సైతము తిరుగనీయక చట్రమునకు రెండు వైపుల బిగించి, పళ్ళెములోనే బేరింగుల నుంచుట మేలు. అప్పుడు ఇరుసు ఆయుధమును మోయుటయేగాక చట్రమునకు దూలమువలె బలమిచ్చును.

పన్నునకు ఏ లోహము వాడవలెను? మిక్కిలి గట్టిది వాడుదమని బాలురు ఉవ్విళ్ళూరుదురు. గట్టిదనము వేఱు, ఓర్పు వేఱు. గాజు గట్టిది; కాని సుత్తిదెబ్బకు ఓర్వదు. సీసము ఓర్చును, కాని అంచు నిలువదు. మన కమ్మరులు కొడవలికి పదును పెట్టునప్పుడు నీటిలో ముంచి గట్టిచేసి, మఱల కొంచెము కాచి, ఆ పెళుసుదనమును తీయుట మీరు చూచియుందురు. అదియే ఇచ్చటి రహస్యము. అరుగుదలకు ఓర్చునట్లు చేసిన ఉక్కు పలకలును, దెబ్బకు ఓర్చు పనిముట్ల ఉక్కును వాడుదురు. చట్రమునకు అల్యూమినియము గాని, వంగి మఱల నిలుచు గట్టి ప్లాస్టికు గాని తగును. చీమతరగతివారు అచ్చుయంత్రమున పొరలు పొరలుగ పోసిన ప్లాస్టికు చట్రములతోనే పోరుచున్నారు.

ఈ విద్యను చిరకాలము చేసినవారు చెప్పు మాట యొకటి కలదు: పెక్కు ఓటములకు శత్రువు కారణము కాదు. తన ఆయుధపు అదురునకు తన బోల్టులే వదులగుట, తన తీగలే ఊడుట, తన బ్యాటరీయే జారుట కారణము. చక్రము కొట్టిన ప్రతి దెబ్బను తన చట్రమును తినవలసియే యున్నది. పరుని కొట్టదలచినవాడు ముందుగ తాను ఓర్వ నేర్వవలెను. నేను పాఠశాలలో చేతిపని నేర్పిన కాలమంతయు ఈ నీతిని నోటితో చెప్పితిని. ఈ మరమల్లులు దానిని మూడు నిమిషములలో చూపుచున్నవి.

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వచ్చెదను. ఇది వినాశమా? నే నిందులోని అపాయమును దాచను. తాటిచెట్టెత్తు నుండి పడు రాయి ఎవరి తలపైనను పడగూడదు. బ్యాటరీకి గాయమైనచో మండును. అయితే ఈ విద్య తన అపాయమును తానే కనిపెట్టి, తన చుట్టు తానే కంచె వేసికొన్న విద్య. నాడు మూకుడు యంత్రము ముక్కలను గోడ దాటించుట చూచినవారి వారసులు నేడు దళసరి పాలికార్బొనేటు గోడలు, పైకప్పు గల పెట్టెలో గాని పోరు జరుపరు. నిబంధనలు స్పష్టములు. బరి వెలుపల ఉన్నంతసేపు ఆయుధము కదలకుండ ఇనుప చీల దూర్చి యుంచవలెను. ఒక ముక్కను లాగివేసిన విద్యుత్తు పూర్తిగ తెగునట్లు అమర్పవలెను. రేడియో అందకపోయిన ఆయుధము తనంతట తాను శక్తిని కోలుపోవలెను. అన్నిటికంటె నాకు నచ్చినది మఱియొకటి: విద్యుత్తును తీసివేసిన పిమ్మట తిరుగు ఆయుధము 60 క్షణములలోపల పూర్తిగ ఆగితీరవలెను. ఆపలేని వానికి త్రిప్పు అధికారము లేదు.

మఱియొక ఆక్షేపణ కలదు. ఈ ఆట బాలుర మనసులలో క్రౌర్యమును పెంచదా? పెద్దలు అడుగదగిన ప్రశ్నయే. నేనును దీనిని గూర్చి చాలకాలము ఆలోచించితిని. మన గోదావరి సీమలో సంక్రాంతికి కోడికి కత్తి కట్టి వదలుదురు. నెత్తురు కోడిది, పందెము మనుష్యునిది. మరమల్లుల బరిలో నెత్తురు లేదు. నష్టపడునది నిర్మాత తన రాత్రుల శ్రమతో చేసిన వస్తువే. తన సొత్తునే పణముగ పెట్టినవానికి క్రౌర్యము కంటె వినయమే త్వరగా అబ్బును. పోరు ముగిసిన వెనుక ఓడినవానికి గెలిచినవాడు మోటారు అరువిచ్చుటయు, తరువాతి పోటుకు వాని యంత్రమును నిలబెట్టుటకు పదిచేతులు కలియుటయు ఈ సమాజమున వాడుక. ఇది యుద్ధధర్మము కాదు, పనివారి ధర్మము.

విద్యను దాచకుండుటయు వారి గుణమే. బ్రెజిల్ దేశమందలి రియో డి జనీరో నగరమున ఒక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు, మార్కో అంతోనియో మెజ్జోలారో, తన విద్యార్థులతో మరమల్లులను చేయించి, ఆయుధముల లెక్కలన్నియు ఒక పెద్ద గ్రంథముగ వ్రాసి ఎల్లరకును ఉచితముగ ఇచ్చెను. మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి. విద్యార్థుల ‘టెక్‌ఫెస్ట్’ ఉత్సవమున ఈ పోరులు జరుగుచున్నవి. బ్రెజిల్ జట్టువారును అచ్చటికి వచ్చి పోరిరి. మన యింజనీరింగు కళాశాలల ఉత్సవములలోను వీనికి చోటు దొరకినది. కళాశాలవఱకు వేచియుండ నేల యని నా అభిప్రాయము. ఉన్నతపాఠశాలలోనే, చీమతరగతినుండి మొదలిడవచ్చును.

మొదలిడువారికి నా సలహా సంగ్రహముగ చెప్పెదను. మొదటి యంత్రమునకు చక్రము వలదు, చేట చాలును. నేలకు ఆనిన వాలు రేకుతో నడుపుట నేర్చుకొనుడు. రెండవదానికి ఏతము పెట్టుడు. కీళ్ళును మీటలును తెలియును. మూడవదానికి గాని తిరుగు ఆయుధము జోలికి పోవలదు. పోయినప్పుడు ముందుగ పెట్టెను కట్టుడు, తరువాత చీలను చేయుడు, ఆ పిమ్మటనే పళ్ళెమును కోయుడు. పెద్దవారొకరు దగ్గఱ లేక బ్యాటరీని తగిలింపవలదు. ఇది శాస్త్రము నిర్ణయించిన వరుస కాదు. ఆయుధముల చరిత్ర నడచిన వరుస. చేట, ఏతము, చక్రము అను క్రమముననే ఒక తరమువారు నేర్చిరి. ఆ త్రోవనే నడచినచో మన పిల్లలు చేతివ్రేళ్ళును నిలుపుకొందురు, విద్యయు నేర్తురు.

తల్లిదండ్రులారా! మీ పిల్లవాడో పిల్లయో విఱిగిన మిక్సీ మోటారును, పాత బొమ్మకారును ముందు వేసికొని కూర్చున్నచో కసరవలదు. ‘‘ఏమి చేయుచున్నావు?’’ అని అడుగుటకు ముందు, ‘‘దీని నెట్లు ఆపుదువు?’’ అని అడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలిగిన నాడు, వారి చేతికి పనిముట్లు నిశ్చింతగ ఇయ్యవచ్చును.